అంబులెన్సు వచ్చేలోగా

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. కొన్నేళ్ల కిందట నా క్లాసులోనే ఒక అబ్బాయి మూర్ఛ వచ్చి పడిపోయాడు. గదిలో అరవై మందిమి ఉన్నాం. ఒకరు చేతిలో తాళంచెవులు పెట్టారు. ఒకరు నోట్లో నీళ్లు పోయబోయారు. ఇద్దరు కాళ్లూ చేతులూ అదిమిపట్టారు. నాడీమండలం పాఠం చెప్పే నేను ఏమీ తోచక నిలబడిపోయాను. అల్లాహ్ దయవల్ల రెండు నిమిషాల్లో అతనే తేరుకున్నాడు.

మేం చేసినదంతా తప్పేనని తర్వాత ప్రథమ చికిత్స శిక్షణకు వెళ్లినప్పుడు తెలిసింది. బెంచీలు పక్కకు జరపాలి. తల కింద మెత్తనిది పెట్టాలి. కుదుపులు తగ్గాక ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. అంతే!

మన పిల్లలు గుండెకు ఎన్ని గదులో తడుముకోకుండా చెబుతారు. గుండె ఆగిన మనిషిని కాపాడటం మాత్రం వారి చేతులకు తెలియదు. గుండె ఆగిన నాలుగైదు నిమిషాలకే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఎంత వేగంగా వచ్చినా, ఆ కాసేపు భారం పక్కనున్న వారిదే. 108కి చెప్పి, వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. ఇది ఈత లాంటిది, చదివితే రాదు. బొమ్మ మీద చెమట పట్టేలా సాధన చేయాలి.

ఇళ్లలోనూ అంతే. కాలినచోట టూత్‌పేస్టు రాస్తాం. నిజానికి 20 నిమిషాలు కుళాయి నీటి కింద ఉంచాలి. పాము కరిస్తే తాడు బిగించి కడతాం. కట్టూ వద్దు, కోతా వద్దు. కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి. రోడ్డు ప్రమాదమైతే కేసులకు భయపడి తప్పుకుంటాం. సదుద్దేశంతో సాయం చేసినవారికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రక్షణ కల్పించింది.

దాతలకు నా మనవి ఒక్కటే. మీరిచ్చే స్కాలర్‌షిప్పులతో పాటు, అవి అందుకునే పిల్లలందరికీ ఏటా ఒక రోజు శిక్షణ పెట్టించండి. సాధనకు నాలుగు బొమ్మలు కొనివ్వండి. ఏటా ఎందుకంటే, సాధన లేకపోతే చేయి మరిచిపోతుంది. అమ్మాయిలను తప్పక పంపండి. ఇంట్లో ఆపద వస్తే ముందు పరుగెత్తేది వారే.

ఆ అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ రెండు నిమిషాలు మాత్రం నేను మరిచిపోలేదు.