మాసిక ఎక్కడ వేయవలెను?



నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతములలో మోటబావి నెరుగని పెద్దలుండరు. ఎడ్లు, బొక్కెన, తొండము పోయి వాటి స్థానమున ఆయిలింజను వచ్చినప్పుడు, ఇంజను ఎక్కడో తయారైనది; బావి తాతలనాటిది. రెంటికిని పొత్తు కుదురవలెను. ఇంజనును కోసి సరిపెట్టినచో ఆ యొక్క ఇంజనే పనిచేయును. బావిగట్టున మంచి గద్దె కట్టినచో రేపు వచ్చు ఇంజనుకూడ దానిపై నిలుచును. కంప్యూటరు లోకమునందును ఇదే సమస్య కలదు.

కంప్యూటరును నడిపించు మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. పెద్ద కంపెనీలే కాక, కొందరు కేవలము అభిరుచికొరకు దీనిని స్వయముగా నిర్మింతురు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు మొదట అట్టిదే. బీఓఎస్ అను వ్యవస్థను తయారుచేసిన కంపెనీ 2001లో అస్తమించుచుండగా, దాని అభిమానులు పూనుకొన్న కృషియే నేటి హైకూ.

అయితే ప్రోగ్రాములు లేని వ్యవస్థ సామానులేని ఇల్లు వంటిది. అన్నియు ఒక్కరే వ్రాయుటకు ఒక జన్మ చాలదు. కావున ఇతరులు వ్రాసి, మూలపాఠమును లోకమునకు విడిచిన ప్రోగ్రాములను తెచ్చుకొని తమ వ్యవస్థకు అమర్చుకొందురు. దీనినే పోర్టింగు అందురు. టోర్వాల్డ్స్ మొట్టమొదట తెచ్చుకొన్నవి బాష్, జీసీసీ అనునవి. తన వ్యవస్థను యూనిక్సు మర్యాదల ననుసరించి కట్టుటచేత పరుల ప్రోగ్రాములు అందులో సులభముగా ఇమిడినవి. ఆయన ముందే గద్దె కట్టినాడన్నమాట.

ఎంత చేసినను కొన్ని ఇమడవు. వచ్చిన ప్రోగ్రాము ఏదో యొక సేవ నడుగును. వ్యవస్థలో అది లేదు. అడిగిన చోటును ప్రోగ్రాములో మార్చివేయుట ఒక మార్గము. ఇది మాసిక వేయుట. దీనినే ప్యాచ్ అందురు. ఆ సేవను వ్యవస్థలోనే కల్పించుట రెండవ మార్గము. మొదటిది సాయంకాలమునకు ముగియవచ్చును. రెండవదానికి నెల పట్టవచ్చును. కాని ప్రోగ్రాము క్రొత్తరూపము ధరించినప్పుడెల్ల మాసికను మరల సరిచూడవలెను. వ్యవస్థలో కల్పించిన సేవయో, వెనుక వచ్చు అనేక ప్రోగ్రాములకు ఉపకరించును.

మాసిక తప్పనప్పుడు దానిని చిన్నదిగా వేయవలెను. ఏమి మార్చితిమో, ఎందుకు మార్చితిమో వ్రాసియుంచవలెను. హైకూవారు ప్రతి ప్రోగ్రామునకును ఒక తయారీ పత్రమును, మాసికలను వేరుగా భద్రపరతురు. అంతకంటె ఉత్తమమైనది, దానిని మూలకర్తకే పంపుట. ఆయన స్వీకరించినచో మన ఇంట మాసిక అవసరమే తీరును.

ఇందు తెలుగువారికేమి సంబంధమని అడుగవచ్చును. ‘నల్లగొండ’ అను మాట కంటికి నాలుగక్షరములు. యూనికోడులో ఎనిమిది సంకేతములు. ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క గడి చాలునని తలచిన ప్రోగ్రాము మన ఒత్తులను చెల్లాచెదరు చేయును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరమునకు సంబంధించిన యొక సంకేతవరుస రాగానే ఐఫోనులలో ప్రోగ్రాములు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ అదే నెలలో దానిని సరిదిద్దినది. మూలపాఠము ఆ సంస్థయొద్దనే యుండుటచే ఇతరులకు చేయగలిగినది లేకపోయినది. అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అట్టిది కాదు. దాని మూలపాఠము అందరిది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్ దానినే వాడుచున్నవి. అందులో ఒక ఒత్తును సరిచేసినచో దానిని తెచ్చుకొన్న ఇండ్లన్నిటను తెలుగు సరియగును. సరిచేసిన మార్పును తన యింటనే దాచుకొన్నచో, ఆ మనిషి అలసిననాడు అదియు అంతరించును.

పాలమూరు కూలీలు దేశమందెన్నో ప్రాజెక్టులు కట్టినారు. వారి పేర్లు ఆ కట్టలపై కానరావు. ఈ పనిలో అట్లు కాదు. పంపిన ప్రతి మాసికయు సాధారణముగా పంపినవారి పేరుతోనే చరిత్రలో నమోదగును. మన కళాశాలలలో చదువుచున్న యువకులు, యువతులు, తమ కంప్యూటరులో తెలుగు చెదరిన చోట నిట్టూర్చి ఊరకుండక, లోపము ఇంటిదా, వచ్చినదానిదా అని మొదట విచారింపవలెను. మాసిక ఎక్కడ వేయవలెనో ఆ విచారణయే చెప్పును.