రెండు కుండల పాఠం: జనసాంద్ర నగరాల్లో చెత్త నిర్వహణ



ఈ రోజు ప్రసంగానికి నేను రెండు మట్టి కుండలు తెచ్చాను. నలభై అయిదు రోజుల క్రితం మా వంటింటి తడి చెత్తను రెండింటిలోనూ సమానంగా వేశాను. మొదటి కుండకు పక్కల చిల్లులున్నాయి. అందులో కూరగాయల తొక్కల మధ్య ఎండుటాకులు పొరలుగా వేసి, వారానికి రెండుసార్లు కలియబెట్టాను. రెండో కుండలో అదే చెత్తకు పాల ప్యాకెట్లు, ప్లాస్టిక్ సంచులు చేర్చి, అదిమి, మూత బిగించాను. ఇప్పుడు మూతలు తీస్తున్నాను. మొదటిదాంట్లో తొలకరి వానకు తడిసిన నేల వాసన. రెండోదాంట్లో భరించలేని కంపు, అడుగున నల్లటి నీరు.

తేడా ఎక్కడ వచ్చింది? మొదటి కుండలో గాలి ఆడింది. ఆక్సిజన్‌తో బతికే సూక్ష్మజీవులు చెత్తను తిని ఎరువు మిగిల్చాయి. వాటికి ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కార్బన్ కావాలి. తొక్కల్లో నత్రజని ఎక్కువ, ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ. అందుకే రెండూ కలిపాను. రెండో కుండలో గాలి లేదు. అక్కడ ఆక్సిజన్ అక్కరలేని సూక్ష్మజీవులు పెరిగి మీథేన్ వాయువును పుట్టించాయి. వందేళ్ల లెక్కన చూస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు శక్తిమంతమైనది.

మన నగరాల శివార్లలోని డంపింగ్ యార్డులు ఈ రెండో కుండకు పెద్ద రూపాలు. ఢిల్లీలోని ఘాజీపూర్ యార్డు 1984లో మొదలై 2002 నాటికే నిండిపోయింది. అయినా చెత్త వేస్తూనే వచ్చారు. 2017 సెప్టెంబరు 1న ఆ గుట్టలో కొంత భాగం విరిగిపడి ఇద్దరు చనిపోయారు. 2023 మార్చిలో కొచ్చి దగ్గరి బ్రహ్మపురం యార్డు అంటుకుని రోజుల తరబడి నగరం మీదికి పొగ కమ్మింది. చెత్త నుంచి ఊరే నల్లటి నీరు బావుల్లోకి, బోర్లలోకి చేరుతోందన్నది హైదరాబాదు శివారు జవహర్‌నగర్ చుట్టుపక్కల వారు ఏళ్ల తరబడి వినిపించిన గోడు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పెద్ద నగరంలో మనిషికి రోజుకు సుమారు అరకిలో చెత్త అనుకోండి. చదరపు కిలోమీటరుకు 20 వేల మంది ఉండే పేటలో రోజూ 10 టన్నులు పోగవుతుంది. మన చెత్తలో ఇంచుమించు సగం తడి చెత్తే. దాన్ని ఆ పేటలోనో, దగ్గర్లోనో ఎరువుగా మార్చగలిగితే దూరం పంపాల్సిన బరువు సగానికి తగ్గుతుంది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల ఒక తోపుడుబండి తక్కువ నడకతో ఎక్కువ ఇళ్లు చుట్టిరాగలదు. ఇరుకు మనకు ఇబ్బందే గాని, ఈ ఒక్క విషయంలో అది సాయం కూడా.

"ఇంత శ్రమ ఎందుకు, అంతా కాల్చి కరెంటు తీయకూడదా?" అని విద్యార్థులు అడుగుతుంటారు. 1987లో ఢిల్లీలోని తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో అలాంటి కేంద్రమే కట్టారు. రోజుకు 300 టన్నుల చెత్త కాల్చి 3.75 మెగావాట్ల విద్యుత్తు తీయాలన్నది లక్ష్యం. అది కొద్దికాలానికే మూతపడింది. కారణం మీ భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 540 కెలోరీల వేడి కావాలి. తడి, మట్టి కలిసిన చెత్తను మండిస్తే పుట్టిన వేడిలో చాలా భాగం ఆ నీటిని ఆవిరి చేయడానికే పోతుంది.

ఇప్పుడు ఇండోర్ చూడండి. అక్కడ ఇంటింటికీ వచ్చే బండిలోనే తడి చెత్తకు, పొడి చెత్తకు వేర్వేరు అరలు పెట్టారు. రోజుకు 550 టన్నుల తడి చెత్త నుంచి బయోగ్యాస్ తీసే కేంద్రం 2022 ఫిబ్రవరిలో అక్కడ ప్రారంభమైంది. అందులో పుట్టేదీ మన రెండో కుండలోని మీథేనే. బిగించిన ట్యాంకులో పట్టి, శుద్ధి చేస్తే అది బస్సు నడిపే ఇంధనం. అయితే దానికి ప్లాస్టిక్ కలవని తడి చెత్త అందాలి. యంత్రం ఎంత ఖరీదైనదైనా, దాని జయాపజయాలు మన వంటింట్లోనే తేలిపోతాయి.

"మేం వేరు చేసినా బండిలో కలిపేస్తున్నారు కదా" అనే ఫిర్యాదు మీలో చాలామందికి ఉంది. అది న్యాయమైనదే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెత్తను వేరు చేసి ఇచ్చే బాధ్యత ఇంటివారి మీద, దాన్ని వేరుగానే తీసుకెళ్లే బాధ్యత పురపాలక సంస్థ మీద పెట్టాయి. మనం వేరు చేసి ఇస్తేనే, ఎందుకు కలిపారని అడిగే హక్కు మనకు గట్టిగా ఉంటుంది.

ఇంకొక్క మాట. ఒకసారి విద్యార్థులతో కలిసి చెత్త వేరుచేసే షెడ్డుకు వెళ్లాను. అక్కడ పనిచేసే ఒకామె తన అరచేతులు చూపించింది. పగిలిన సీసా పెంకుల గాట్లు, సూది గుచ్చుకున్న మచ్చలు. "అమ్మా, అన్నంలో బ్లేడు ఉంటుందని ఎవరనుకుంటారు?" అంది. ఆ రోజు నేను చెప్పాల్సిన పాఠం ఆమే చెప్పింది. మనం పది క్షణాల్లో వేరు చేయగలిగినదాన్ని ఆమె రోజంతా తన వేళ్లతో వేరు చేస్తోంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దంటారు పెద్దలు. ఇక్కడ గొడ్డలి దెబ్బ తగిలేది మనకు కాదు, ఆమెకు.

రేపు ఉదయం వంటింట్లో రెండు డబ్బాలు పెట్టండి. మందుల సూదులు, బ్లేళ్లు, బ్యాటరీలు విడిగా మూడో డబ్బాలో వేయండి. గాజు పెంకులను మందపాటి కాగితంలో చుట్టి, పైన రాసి ఇవ్వండి. వీలైతే ఒక కుండకు చిల్లులు పెట్టి చూడండి. నలభై అయిదు రోజుల తరువాత దాని మూత తీసినప్పుడు, ఈ పాఠం మిగతా భాగం అదే చెబుతుంది.