పనివాని మాటకు విలువ
(ముక్తేశ్వరమున జరిగిన మహాసభయందు చదివిన యుపన్యాసము)



కోటిపల్లి రేవు దాటి కొందరును, అమలాపురము, బండారులంకలనుండి కొందరును విచ్చేసి మా మాట వినగోరుట మాకెంతయు సంతోషము. మన కులవృత్తి నేత. కావున పనివాని యుత్సాహమునకును, పని ఫలమునకును గల సంబంధమునుగూర్చి నాలుగు మాటలు విన్నవించెదము.

కూలి చాలనిచోట ఉత్సాహమునుగూర్చి ముచ్చటించుట యెగతాళియే యగును. కాని కూలి యొక్కటియే చాలదు. పడుగున పోగు తెగినప్పుడు మగ్గమాపి యతికినచో వస్త్రము నిలుచును. చూడనట్లు పోనిచ్చినచో లోపము మడతలో దాగి, కొన్నవారి యింట బయటపడును. ఆ క్షణమున నేతగానికి వాని మనస్సే కావలి. ఆ మనస్సు 'ఇది నా పని' యనుకొనవలెనన్న, రంగును, అంచును, ధరను నిర్ణయించుచోట వానికిని నోరుండవలెను.

ఇది మా యూహ మాత్రము కాదు. అమెరికాలో పైజమాలు కుట్టు హార్వుడ్ కర్మాగారమున జరిగిన పరీక్షను కోచ్, ఫ్రెంచి యనువారు 1948లో ప్రకటించిరి. పనితీరు మార్చునప్పుడు ఒక జట్టుకు నిర్ణయమును తెలిపి యూరకుండిరి. వారి యుత్పత్తి తగ్గి, మరల కోలుకొనలేదు. కొందరు పని మానిరి. మార్పును తామే కలసి యాలోచించిన జట్లు శీఘ్రముగ కోలుకొని పూర్వపు స్థాయిని మించినవి.

మన దేశమున 1912 నాటి చట్టము అప్పు సంఘములేగాక ఉత్పత్తిదారుల సహకార సంఘములకును త్రోవ చూపినది. 1976లో చేసిన సవరణచే పరిశ్రమల నిర్వహణమున కార్మికులకు భాగముండవలెనని రాజ్యాంగమందు చేరినది. చట్టమున్నది, ఆచరణమెక్కడ? మేమెరిగిన యొక సంఘమున సభ్యులు తీర్మానము చదువకయే వ్రేలిముద్ర వేసిరి. ఎవరినడుగకయో యెన్నిన రంగుల చీరలు అమ్ముడుపోక నిలువయుండగా, నింద నేతగాని నెత్తిన బడినది. ఆసు పోసి, కండెలు చుట్టిన స్త్రీల పేళ్లు సభ్యుల పుస్తకమున లేనేలేవు.

కావున మా విన్నపములు మూడు. లెక్కలు సభ్యులందరి యెదుట తెలుగున చదువుడు. పాలకవర్గమున మగ్గముపై కూర్చుండువారికిని, కండెలు చుట్టు స్త్రీలకును స్థానమొసగుడు. క్రొత్త రకము నేయించుటకు ముందు నేయువానినడుగుడు. సహాయమొసగు పోషకులును ఈ మూడింటిని విచారించి యొసగుదురుగాక!

మన బిడ్డలు మగ్గము విడిచిపోవుచున్నారని విలపించుచున్నాము. మగ్గముకడ వారి మాట కెన్నడైన విలువ యిచ్చితిమా? ఈ ప్రశ్నను మీ ముందుంచి విరమించుచున్నాము.