లంకమల్ల రాత్రిపిట్ట

బ్రహ్మంగారిమఠం వెళ్లినవారు దర్శనం చేసుకుని, తెలుగుగంగ నీళ్లు చేరే బ్రహ్మంసాగర్ గట్టున కాసేపు నిలబడి బస్సెక్కేస్తారు. ఇదే కడప జిల్లాలోని లంకమల్ల అడవి ఎందరికి గుర్తొస్తుంది?

కలివికోడి అనే పిట్ట ఇల్లు అదే. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత కనబడకపోయేసరికి అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానికుడు. శాస్త్రవేత్తలకు అందనిది అతని చేతికి చిక్కింది మరి!

1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారినే మార్చారు.

పగలు ముళ్లపొదల్లో దాగి, రాత్రి తిరిగే పక్షి ఇది. చూడాలనుకుంటే అటవీశాఖ అనుమతితోనే వెళ్లండి. పొదలు తొక్కకండి, టార్చిలైట్లతో వెంటాడకండి.