సైకిలుకు తగిలించిన సామాను

సైకిలు చరిత్ర అనగానే 1888లో డన్‌లప్ చేసిన గాలి టైరుతో మొదలుపెట్టడం మామూలు. నేను మాత్రం ఆ సైకిలుకు తగిలించిన చిల్లర సామాను సంగతి చెబుతాను. వరంగల్ వైపు పరకాల చుట్టుపక్కల పల్లెల్లో సైకిలును పనిముట్టుగా మార్చింది ఆ సామానే.

నిజాం కాలంలో మంచి సైకిలంటే ర్యాలీ, హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. అన్నీ ఇంగ్లండు సరుకే. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో పుట్టాయి. లూధియానా గల్లీల్లోని చిన్న చిన్న కార్ఖానాల్లో తయారైన గంటలు, క్యారియర్లు, పెడళ్ళు ఊరూరి సైకిల్ షాపులకు చేరాయి.

ఆత్మకూరు, శాయంపేట, రేగొండ దారుల్లో క్యారియర్ మీద ఎక్కనిదేముంది? పాల క్యాన్లు, కల్లు లొట్లు, గడ్డిమోపు, యూరియా బస్తా, అత్తగారింటికి పోయే కొత్త పెళ్ళికూతురు. కంపెనీ క్యారియర్ ఆ బరువుకు ఆగక, వెల్డింగు షాపులో ఇనుప చువ్వలతో గట్టిది చేయించుకునేవారు. సామాను కట్టడానికి పాత ట్యూబును నిలువునా చీల్చేవారు. దాన్ని మించిన తాడు నేను చూడలేదు. గతుకుల్లో బండి ఎగిరినా ముడి వదలదు.

ఇక స్టాండు. వెనక చక్రాన్ని నేల నుంచి లేపి నిలబెట్టే రెండు కాళ్ళ స్టాండు వచ్చాక సైకిలు నిలబడి కూడా పని చేసింది. కత్తులకు సానబెట్టేవాడు వీధిలో స్టాండు వేసి, సీటు మీద కూర్చుని పెడలు తొక్కుతుంటే ముందున్న సానరాయి గిర్రున తిరిగేది.

దీపానిది పెద్ద కథే. మొదట కిరసనాయిలు దీపాలు, తర్వాత కార్బైడు దీపాలు. కార్బైడు మీద బొట్టు బొట్టుగా నీళ్ళు పడితే పుట్టే గ్యాసు వెలిగేది. ఆ వెనక వచ్చింది డైనమో. సీసా ఆకారం, నెత్తిన చిన్న గాడి చక్రం. మీట నొక్కితే అది టైరు పక్కకు ఆనుకుని గుర్రుమని తిరుగుతుంది. ఆరు వోల్టులు, మూడు వాట్లు, అంతే. గట్టిగా తొక్కితే వెలుగు, నెమ్మదిస్తే మసక, ఆగితే చీకటి. ఎదురుగా లారీ వచ్చి మనం ఆగినప్పుడే దీపమూ ఆరిపోవడం దాని లోపం. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ళు లాగేస్తే చాలామంది మీట వెనక్కి తీసి చీకట్లోనే తొక్కేవారు. దీపం లేకపోయినా, డబుల్స్ ఎక్కినా పట్నంలో పోలీసులు ఆపి టైర్లలో గాలి తీసేవారు. మున్సిపాలిటీకి పన్ను కట్టిన రేకు బిళ్ళ లేకపోతే అదో తంటా అయ్యేది.

చైన్ కవరు ధోవతి అంచులను కాపాడింది. వెనక చక్రానికి కట్టిన జాలీ చీర చెంగును కాపాడింది. గంట విప్పి చూస్తే లోపల పళ్ళ చక్రాలు, వదులుగా తిరిగే రెండు బిళ్ళలు, అంతే.

ఇప్పటి గేరు సైకిళ్ళు చాలావరకు మడ్గార్డు లేకుండానే వస్తాయి. తొలివానకే పిల్లల చొక్కాల వెనక బురద గీత పడుతుంది. మడ్గార్డు విడిగా కొని బిగించొచ్చు గానీ, వెనక ఇరుసు దగ్గర గేర్లు అడ్డం రావడంతో పాత రెండు కాళ్ళ స్టాండు ఈ సైకిళ్ళకు పట్టదు. ఒంటికాలి సైడు స్టాండు మీద నిండు పాల క్యాను పెడితే బండి ఒరిగిపోతుంది. పాలవాళ్ళు ఆ సైకిలు జోలికి పోకుండా టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్ కొనుక్కున్నారు.