తేనెపెట్టెలో నల్లి లెక్క



సాదలి, శిడ్లఘట్ట ప్రాంతాల్లో పట్టుపురుగుల పెంపకం తెలియని ఇల్లు అరుదు. కంటికి ఆనని శత్రువు పంటనంతా తినివేయగలదని ఇక్కడి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1980లో బెంగాలు విత్తనపు గూళ్ళతో కర్ణాటకలో అడుగుపెట్టిన ఊజి ఈగ ఎన్ని ఇళ్ళను ఏడిపించినదో పెద్దలు ఎరుగుదురు. అంతకు నూరేళ్ళకు ముందే, 1865లో, ఫ్రాన్సు దేశపు పట్టు రైతులను పెబ్రిన్ తెగులు నుండి కాపాడుటకు లూయీ పాశ్చర్ పరిశోధన ప్రారంభించెను. గుడ్లు పెట్టిన తల్లి చిమ్మటను నలిపి సూక్ష్మదర్శిని క్రింద చూచుట, తెగులు కనిపిస్తే ఆ గుడ్లను పారవేయుట అన్నది ఆయన చూపిన మార్గం. గ్రేనేజీలలో నేటికీ జరుగుతున్నది ఆ పరీక్షయే. పట్టులో ఇంత జాగ్రత్త పాటించే రైతు తేనెపెట్టె దగ్గరకు వచ్చేసరికి మూత తీసి, ఈగలు నిండుగా ఉన్నవని చూచి, తృప్తితో మూసివేయుచున్నాడు. చిక్కు అక్కడనే ఉన్నది.

పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టుపెట్టే మన నాటు తేనెటీగ మీద ఒక నల్లి అనాదిగా జీవిస్తున్నది. దాని పేరు వరోవా. ఎర్రని గోధుమ రంగు, పీత వంటి ఆకారం, వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు. 1904లో జావా ద్వీపపు నాటు ఈగల మీద దీనిని మొదట వర్ణించిరి. నాటు ఈగ తన ఒంటిని తానే దులుపుకొనును, తోటి ఈగల ఒంటినీ శుభ్రపరచును. పైగా ఆ పెట్టెలో నల్లి పోతుటీగల గదుల్లోనే పిల్లలు పెట్టగలదు. కనుక నష్టం హద్దు దాటదు. నాటు ఈగల పెట్టెలో నల్లిమందు వేయుట చాలావరకు వృథా ఖర్చే.

1962లో కాంగ్రా లోయలోని నగ్రోటా బగ్వాన్‌లో యూరపు జాతి ఈగలను మన దేశంలో విజయవంతంగా నెలకొల్పిరి. 1991, 92 సంవత్సరాల్లో థాయి సాక్‌బ్రూడ్ అను వైరస్ తెగులు దక్షిణాదిన నాటు ఈగల పెట్టెలను ఖాళీ చేసినది. ఆ తెగులుకు నల్లితో సంబంధం లేదు గాని, దాని తరువాతనే ఇటువైపు రైతులు యూరపు ఈగ వైపు మొగ్గు చూపిరి. ఈ కొత్త ఈగకు వరోవాను ఎదిరించు అలవాటు తక్కువ. దాని పెట్టెలో నల్లి కూలి ఈగల గదుల్లో కూడ సంతానం పెంచును. గదికి మైనపు మూత పడుటకు ముందే తల్లి నల్లి లోపలికి దూరి, ఎదుగుచున్న పిల్లను పీల్చుచు గుడ్లు పెట్టును. పెద్ద ఈగల మీద ఉన్నప్పుడు అది పీల్చునది ప్రధానంగా ఈగ ఒంటిలోని కొవ్వు కణజాలమని 2019లో తేలినది. రెక్కలను ముడుచుకుపోజేయు వైరస్‌ను కూడ అదే మోసుకొనిపోవును. ఈ యూరపు ఈగలను చంపు నల్లి జావా నల్లి కాదు, దాని దగ్గరి బంధువని 2000లో గుర్తించి వేరు పేరు పెట్టిరి. అంతవరకు వ్రాసిన పుస్తకాల్లో పాత పేరే ఉండును. పాత పుస్తకాలు చదువువారు గమనింపవలెను.

ముడుచుకున్న రెక్కలతో ఈగలు పెట్టె ముందు ప్రాకుచుండగా చూచి మేలుకొనుట ఆలస్యమే. అందుకే లెక్క. పిల్లలున్న చట్రం నుండి, రాణి ఈగ లేదని రెండుసార్లు చూచుకొని, 120 మిల్లీలీటర్ల గ్లాసుడు ఈగలను ఒక సీసాలోనికి దులపవలెను. అవి సుమారు 300 ఉండును. సీసా మూతకు సన్నని వల బిగించి, రెండు చెంచాల మెత్తని, పొడిగా ఉన్న చక్కెర పొడి వేసి, ఒకటి రెండు నిమిషాలు నీడలో ఉంచి, తెల్లని పళ్ళెం మీద ఒక నిమిషం బాగుగా కుదిపితే నల్లులు రాలును. పళ్ళెంలో కొంచెం నీరు పోస్తే చక్కెర కరగి నల్లులు స్పష్టంగా కనిపించును. ఈగలను తిరిగి పెట్టెలోనికి వదలవచ్చును. తోటివి వాటి ఒంటి చక్కెరను నాకి శుభ్రపరచును. ముసురు పట్టిన రోజున చక్కెర ముద్దకట్టి లెక్క తప్పును.

రాలినవి 12 అనుకొందము. అనగా నూరు ఈగలకు నాలుగు. పెట్టెలో 20,000 ఈగలుంటే వాటి ఒంటి మీదనే 800 నల్లులు. పిల్లలు నిండుగా ఉన్న కాలంలో సగానికి మించిన నల్లులు మైనపు మూతల క్రింద దాగియుండును. అవి ఈ లెక్కకు రావు. కావుననే నూటికి మూడు దాటితే చికిత్సకు పూనుకొనవలెనని సాధారణంగా చెప్పుదురు. తేనె రాబడి ముగిసిన వెంటనే లెక్కించుట మిక్కిలి ముఖ్యం. అప్పుడు ఈగల సంఖ్య తగ్గును గాని నల్లి సంఖ్య తగ్గదు. గత నెలలో నూటికి రెండున్నది ఒక్కసారిగా ఆరు కావచ్చును.

ఇంతవరకు ఏ దేశపు పుస్తకమైనను చెప్పును. మన సీమకు మరొక చిక్కు ఉన్నది. బండకొండల చరియలకు, మర్రిచెట్లకు, ఎత్తైన నీటి ట్యాంకులకు పెద్ద పట్టులు పెట్టే కొండ తేనెటీగ మీద ట్రోపిలేలాప్స్ అను ఇంకొక నల్లి బ్రతుకును. అది వరోవాకంటె చిన్నది, సన్నగా పొడవుగా ఉండును, చట్రం మీద చురుకుగా పరుగెత్తును. యూరపు ఈగల పెట్టెలో పడితే వరోవాకంటె వేగంగా పెరుగును. అది పెద్ద ఈగల ఒంటి మీద బహు కొద్ది కాలమే ఉండును కనుక చక్కెర పరీక్షకు సరిగా దొరకదు. పళ్ళెంలో ఏమియు రాలలేదని సంతోషించిన రైతు పెట్టెనే కోల్పోవచ్చును. దీనికి వేరు పరీక్ష చేయవలెను: ఈగలను దులిపిన పిల్లల చట్రాన్ని తెల్లని పళ్ళెం అంచుకు గట్టిగా కొట్టి పరుగెత్తువాటిని చూచుట, లేదా నూరు మూతగదులను విప్పి ఎన్నిటిలో నల్లి ఉన్నదో లెక్కించుట. ఈ నల్లికి ఒక బలహీనత కలదు. పెద్ద ఈగను అది పీల్చలేదు, పిల్లలు లేకుంటే కొద్ది రోజుల్లోనే చచ్చును. రాణిని మూడు వారాలకు పైగా పంజరంలో ఉంచి గుడ్లు ఆపించితే మందు లేకయే చాలావరకు నశించును.

మందు వాడవలసివచ్చినప్పుడు తేనె తీయు చట్రాలను ముందుగా తొలగింపవలెను. అంగడిలో చేతికందిన పురుగుమందును పెట్టెలో చల్లరాదు. మల్బరీ తోటలో మందు చల్లిన ఆకును పట్టుపురుగుకు వేయని వారికి ఇంతకంటె చెప్పనేల? ఒకే రకపు మందుపట్టీలను ఏటేటా వాడిన ఐరోపా దేశాల్లో 1990 దశకంలోనే నల్లి ఆ మందును తట్టుకొనుట నేర్చినది.

చికిత్స ముగిసిన పిమ్మట తిరిగి లెక్కింపవలెను. ఈ రెండవ లెక్కను మరచువారే ఎక్కువ. సంఖ్య తగ్గనిచో మందు పనిచేయలేదని గాని, పక్క తోట పెట్టెల నుండి నల్లి వచ్చుచున్నదని గాని అర్థం. నీరసించిన పెట్టెలోని తేనెను దోచుకొనుటకు పోయిన ఈగలు అక్కడి నల్లిని వెంట తెచ్చును. కాబట్టి ఊరిలో పెట్టెలున్న వారందరు ఒకే వారంలో లెక్కించి, పెట్టె సంఖ్య, తేదీ, రాలిన నల్లుల సంఖ్య ఒక నోటుబుక్కులో వ్రాసి పరస్పరం చూపుకొనవలెను. ఎనిమిదవ తరగతి పిల్లలు ముసుగు, చేతొడుగులు ధరించి, పెద్దల వెంట నిలిచి, ఆ అంకెలను వ్రాయగలరు.