మంచముపై నున్నవారి మాట



బరంపురములోను, షోలాపురములోను, బళ్ళారిలోను, మదురైలోను తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో ఒక ఇబ్బంది కలదు. పెక్కు ఇండ్లలో పెద్దలకు మనసు విప్పి మాటాడుటకు తెలుగే దిక్కు. పిల్లలు చదువుకొన్నది ఆయా రాష్ట్రముల భాష. ఆసుపత్రిలోని సమ్మతిపత్రము ఆ భాషలోనో, ఇంగ్లీషులోనో ఉండును. పెద్దలు మంచముపై నుండగా పిల్లలు సంతకము చేయుదురు. నేడు మనము ఆలోచింపవలసినది ఆ సంతకమును గూర్చియే.

రోగి స్పృహ తప్పి ప్రాణాపాయములో నున్నప్పుడు సమ్మతికై వేచియుండ నక్కరలేదు. గాయపడినవారి ప్రాణరక్షణమునకు ఏ వైద్యుడైనను వెంటనే పూనుకొనవలెనని 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను కూడ, సమ్మతి పొందుటకు వీలులేనిచోట రోగి మేలుకోరి సద్భావముతో చేసిన పనిని నేరముగా నెంచదు.

కాని రోగి విషయమును గ్రహింపగల స్థితిలో నున్నచో నిర్ణయము ఆ రోగిదే. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు విచారించి తేల్చిన వ్యాజ్యము దీనికి తార్కాణము. పరీక్ష నిమిత్తము మత్తు ఇచ్చిన ఒక స్త్రీకి, ఆమె తల్లి అనుమతితో గర్భాశయమును, అండాశయములను తొలగించిరి. ప్రాణాపాయము లేనందున ఆమెకు తెలివి వచ్చువరకు ఆగవలసినదనియు, తల్లి సమ్మతి కుమార్తె సమ్మతి కానేరదనియు కోర్టు చెప్పెను. కన్నతల్లి మాటయే చెల్లనిచోట, తెలివితో నున్న తండ్రికి బదులుగా కొడుకు చెప్పు మాట ఎట్లు చెల్లును?

పెద్దలు భయపడుదురని వైద్యుడు చెప్పినదానిలో సగము దాచి, సగము తెలుగులో చెప్పుట మనలో వాడుక. అది ప్రేమయే కావచ్చును. అయినను వారి హక్కును హరించుటయే యగును. వైద్యుడు వచ్చి వెళ్ళును; నర్సు ప్రక్కన నిలుచును. రోగి తల యూపినది అర్థమైనందుననా, మొగమాటముచేతనా యని కనిపెట్టగలది ఆమెయే. విన్నదానిని సొంత మాటలలో తిరిగి చెప్పుమని రోగిని కోరుట చక్కని పద్ధతి. మన బిడ్డలలో నర్సులైనవారు తెలుగు రోగుల కడ ఈ పని తమదిగా నెంచవలెను.

మరియొక సంగతి. కోలుకొను ఆశ లేని స్థితిలో, కృత్రిమముగా ప్రాణము నిలుపు చికిత్స వలదని ముందుగానే వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018లో అంగీకరించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇద్దరు సాక్షుల సమక్షమున వ్రాసి, నోటరీచేత గాని గెజిటెడ్ అధికారిచేత గాని ధ్రువీకరింపజేసిన చాలును.

కావున పెద్దలు ఆరోగ్యముగా నున్నప్పుడే వారి కోరికను తెలుగులో అడిగి తెలిసికొందము. ఆసుపత్రిలో మనము వారి మాటను మోయు దుబాసీలమే గాని, వారి బదులు నిర్ణయించు అధికారులము కాము.